బ్రిడ్జ్‌లో భాగస్వామి పెనాల్టీ డబుల్‌ను ఎప్పుడు కాదనాలి?

బ్రిడ్జ్ పేకాటలో ప్రత్యర్థుల కాంట్రాక్టు (ఇన్ని ట్రిక్కులు, అంటే ఇన్ని విడతలు గెలుస్తామని వేలంలో వాళ్లు ఒప్పుకున్న మాట) మీద భాగస్వామి పెనాల్టీ డబుల్ (అది తప్పితే వాళ్ల జరిమానాను పెంచే పిలుపు) చెప్పాడంటే, వాళ్లు చెప్పినన్ని ట్రిక్కులు చేయలేరని అతను లెక్క వేసుకున్నాడన్న మాట. ఆ లెక్కలో సగం అతని పదమూడు ముక్కలైతే, మిగతా సగం మీ బిడ్లను (వేలంలో మీరు చెప్పిన పిలుపులను) బట్టి అతను ఊహించిన మీ చేయి, అంటే మీ ముక్కలు. మొదటి సగాన్ని మీరు చూడలేరు కనుక ప్రశ్నించలేరు. ఆ ఊహకూ మీ చేతిలో నిజంగా ఉన్నదానికీ పెద్ద తేడా ఉన్నప్పుడు మాత్రమే డబుల్‌ను కాదని మరో బిడ్ చెప్పాలి.

ముందుగా అది నిజంగా పెనాల్టీ డబులేనా అన్నది తేల్చుకోవాలి. మీరు ఒక ఆఠీను (ఆఠీను తురుపుగా ఆరుకు పైన ఒకటి, అంటే ఏడు ట్రిక్కులు) చెప్పి, ఎడమవైపు ప్రత్యర్థి ఒక ఇస్పేటు చెప్పాక భాగస్వామి చెప్పే డబుల్‌ను నేడు ఎక్కువమంది పెనాల్టీగా ఆడరు. అది మీ నుంచి మరో బిడ్ కోరుతుంది. ఏ స్థాయి (బిడ్‌లోని అంకె) నుంచి, ఏ సందర్భాల్లో డబుల్ పెనాల్టీ అవుతుందో ఆటకు కూర్చునే ముందే మాట్లాడుకోవాలి.

తరువాత మీ ముక్కలను మీ బిడ్‌తో పోల్చి చూడండి. ఉదాహరణకు మీరు ఒక ఆఠీనుతో మొదలుపెట్టగా, ఎడమవైపు ప్రత్యర్థి నేరుగా నాలుగు ఇస్పేట్లకు ఎగిరితే, మీ జంట ఒప్పందం ప్రకారం పెనాల్టీ అయిన డబుల్ భాగస్వామి నుంచి వచ్చిందనుకుందాం. మీ దగ్గర ఇస్పేటు 6. ఆఠీను ఆసు, రాజు, జాకీ, 8, 5. డైమను రాజు, 9, 4. కళావరు రాణి, 7, 6, 3 ఉన్నాయి. భాగస్వామి మీ నుంచి ఆశించిన చేయి ఇదే. ఇస్పేటు ఒక్కటే ఉందని కంగారు పడకుండా పాస్ అనాలి.

అదే సందర్భంలో ఇస్పేటు ఒక్కటీ లేకుండా, ఆఠీను ఆసు, రాణి, జాకీ, 10, 8, 6. డైమను రాజు, రాణి, జాకీ, 9, 4. కళావరు 7, 3 ఉంటే సంగతి వేరు. ఆఠీన్లు ఆరు మీ దగ్గరే ఉన్నందున రెండో విడతకే ప్రత్యర్థులు తురుపు కొట్టే అవకాశం ఎక్కువ. డైమన్లలోనూ ఒక ట్రిక్కుకు మించి ఆశించలేం. ఇవే ముక్కలు మీ రంగు తురుపైనప్పుడు మాత్రం ఎంతో విలువైనవి. కాబట్టి ఐదు డైమన్లు చెప్పండి. ఆఠీన్ల సంగతి భాగస్వామికి ముందే తెలుసు, కావాలనుకుంటే అదే స్థాయిలో ఐదు ఆఠీన్లకు మారగలడు.

మూడు డైమన్ల వంటి ఎత్తు బిడ్‌తో బలహీనమైన చేతిని ముందే చెప్పేసిన ఆటగాడికి ఈ ఆలోచన అక్కర్లేదు. అతను చెప్పాల్సింది చెప్పేశాడు. ఆ తరువాత పాసే. నేను పోగొట్టుకున్న పాయింట్లలో చాలా భాగం ఈ ఒక్క నియమాన్ని మీరడం వల్ల పోయినవే.

ఇంకా సందేహముంటే స్కోరు లెక్క చూడండి. ప్రత్యర్థులు వల్నరబుల్ (జరిమానాలు, బోనస్‌లు పెద్దవయ్యే స్థితిలో) కాకపోతే డబుల్ మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు ట్రిక్కులు తగ్గినందుకు వరుసగా 100, 300, 500, 800 వస్తాయి. వల్నరబుల్ అయితే 200, 500, 800, 1100. నాలుగు ఆఠీన్లు సరిగ్గా చేస్తే మీకు వచ్చేది 420, వల్నరబుల్ అయితే 620. అంటే మీరు వల్నరబుల్ అయి వాళ్లు కానప్పుడు, ఆ గేమ్‌కు (నాలుగు ఆఠీన్ల వంటి, పెద్ద బోనస్ తెచ్చే కాంట్రాక్టుకు) బదులు దక్కాలంటే వాళ్లు నాలుగు ట్రిక్కులు తగ్గాలి. తారుమారైతే రెండు చాలు. ఎత్తు స్థాయిలో గేమ్ ఖాయమన్న నమ్మకం లేనప్పుడు మాత్రం చేతికొచ్చే 300 తీసుకోవడమే మేలు, ఎందుకంటే ఐదో స్థాయికి వెళ్లి ఒకటి తగ్గితే ఆ 300 పోవడమే కాక ఎదురు ఇచ్చుకోవాల్సి వస్తుంది.

చివరగా, భాగస్వామి ఎంతసేపు ఆలోచించి డబుల్ చెప్పాడన్నది మీ లెక్కలోకి రాకూడదు. ఆలస్యంగా వచ్చిన డబుల్ అనుమానంతో చెప్పినదని అర్థమైనా, డూప్లికేట్ బ్రిడ్జ్ (అవే ముక్కలను వేర్వేరు బల్లల దగ్గర ఆడే పోటీ ఆట) నియమావళి 16వ నియమం ఆ సమాచారాన్ని వాడుకోనివ్వదు. పాస్ కూడా సమంజసమైన చేతితో మీరు అలాంటి డబుల్‌ను కాదంటే, ప్రత్యర్థులు డైరెక్టర్‌ను (పోటీ నిర్ణేతను) పిలవవచ్చు, ఆయన స్కోరు మార్చవచ్చు. పైన చెప్పిన ఆరు ఆఠీన్లు, ఐదు డైమన్ల చేతితో అయితే, డబుల్ వేగంగా వచ్చినా నెమ్మదిగా వచ్చినా మీరు చెప్పేది ఐదు డైమన్లే.