తుపానుకు ముందు తెరచాప నావ: తాడు పొడవు దగ్గర మొదలుపెట్టండి

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటినప్పుడు మా నాన్న నావ తాడు తెగలేదు. తెగి ఉంటే నావ మిగిలేదేమో. రేవులోని గుంజకు మూరెడు వదులు కూడా లేకుండా బిగించి కట్టాం. ఉప్పెన నీరు లేచింది, నావ లేవలేకపోయింది. నీరు తీసిన తరువాత చూస్తే ముందు భాగం గుంజకు వేలాడుతోంది, మిగతాది బురదలో ఉంది. అందుకే తుపాను జాగ్రత్తలు ఎవరు అడిగినా నేను తాడు పొడవు దగ్గరే మొదలుపెడతాను.

నావకు బారెడు (రెండు చేతులు చాచినంత, అంటే సుమారు నాలుగు మూరలు) దూరంలో గుంజ ఉందనుకోండి. నీరు రెండు బారలు పెరిగితే ఆ తాడుకు ఇంకా బారకు పైగా పొడవు కావాలి. అదే గుంజ పది బారల దూరంలో ఉంటే, అదే రెండు బారల పెరుగుదలకు మూరెడు కూడా పట్టదు. కాబట్టి తాడు వదులుగా వదిలేయడం కన్నా దూరంగా కట్టడం మేలు. వదులు తాడుతో నావ ఊగి గట్టుకు కొట్టుకుంటుంది. దూరపు తాడుతో మధ్యలో నిలబడి నీటితోపాటు లేస్తుంది. నాలుగు మూలల నుంచి రెండు గట్లకూ కట్టండి, అవకాశం ఉంటే ముందు భాగం నుంచి మరో రెండు తాళ్లు వేయండి. కొంచెం సాగే గుణం ఉన్న నైలాను మోకే వాడండి. తాడు నావ అంచుకు రాసుకునే ప్రతి చోటా గోనె సంచి గానీ పాత సైకిల్ ట్యూబు గానీ చుట్టండి. తుపానులో ఎక్కువ తాళ్లు తెగేది బలం చాలక కాదు, రాత్రంతా ఒకే చోట రాసుకుని.

కొబ్బరి చెట్టుకు కట్టకండి. 1996లో కోనసీమ తోటల్లో నేలకూలిన చెట్లను చూసినవారికి కారణం చెప్పనక్కర్లేదు. మడ చెట్లు గాలికి నిలుస్తాయి. మొదలు దగ్గర, కిందకు, ఒక్కో తాడు ఒక్కో చెట్టుకు వేసి, మానుకు గోనె చుట్టి కట్టండి. తిల్ల చెట్టును గుర్తుపట్టి వదిలేయండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల అభయారణ్యంలో కొమ్మ కూడా నరకకూడదు. లోపలికి వెళ్లే ముందు అటవీ సిబ్బందికి చెప్పడం మంచిది.

ఇక చోటు సంగతి. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నావను ఉంచవద్దు. అంతర్వేదిలో వశిష్ఠ, ఓడలరేవులో వైనతేయ, భైరవపాలెం వైపు గౌతమి, ఏ మొగ అయినా ఉప్పెనకు తలుపు తీసిన ఇల్లే. కాకినాడ ఖాతానికి హోప్ ఐలాండ్ అడ్డు ఉందని ధీమా పడకండి. ఆ ఇసుక తిన్నె అలలను ఆపుతుంది గానీ పొంగే నీటిని ఆపదు. మడ అడవిలోకి వంకర తిరిగిన సన్నటి కాలువ అన్నిటికన్నా మంచి చోటు. అయితే అలాంటి కాలువల్లోకి సముద్రపు నీరు పెరిగే పోటు మీదే వెళ్లగలం. మీ పోటు వేళ ఎప్పుడో చూసుకుని దాన్ని బట్టి బయలుదేరాలి. తుపాను తీరం చేరే వేళను చూసుకుని కాదు.

వాతావరణ శాఖ తుపాను అప్రమత్తతను కనీసం 48 గంటల ముందు, హెచ్చరికను కనీసం 24 గంటల ముందు ఇస్తుంది. నావ కదలాల్సింది మొదటిది వచ్చినప్పుడే. హెచ్చరిక వచ్చేసరికి మంచి చోట్లన్నీ నిండిపోతాయి, గాలికి నావ మాట వినదు. ఓడరేవులో ఎగరేసే హెచ్చరిక గుర్తుల్లో 5, 6, 7 నంబర్లు ప్రమాదానికి, 8, 9, 10 మహా ప్రమాదానికి గుర్తు. 11 అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని.

తుపాను మీకు ఏ వైపున తీరం దాటుతుందో కనుక్కోండి. మన తీరంలో మీకు దక్షిణాన దాటితే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి తిరుగుతుంది, సముద్రాన్ని మీ మీదకు తోస్తుంది. ఉప్పెన ఎక్కువగా ఇటే. ఉత్తరాన దాటితే గాలి నేల మీద నుంచి వీస్తుంది, నీరు వెనక్కి పోయి నావ బురదలో ఒరగవచ్చు. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. అలా కేంద్రం నేరుగా మీ మీదుగానే వస్తే గాలి ఒక్కసారిగా ఆగి, తరువాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ మధ్యలో తాళ్లు సరిచేద్దామని నావ దగ్గరకు వెళ్లవద్దు.

డెల్టాలో ఇంకో బెడద ఉంది. ఉప్పెన వెనక్కి తగ్గేటప్పుడు కాలువల నీరు, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వదిలిన నీరు కలిసి సముద్రం వైపు లాగుతాయి. ఆ నీటితో గుర్రపుడెక్క చాపలు చాపలుగా, దుంగలతో సహా వచ్చి తాళ్ల మీద పడతాయి. సముద్రం వైపు తాళ్ల మీదే మనసు పెట్టి, ఎగువ వైపు ఒక్క తాడుతో సరిపెట్టేవారు ఈ ఘడియలోనే నావ పోగొట్టుకుంటారు.

లంగరు మీద ఆధారపడాల్సి వస్తే లోతును ఇప్పటి నీటితో కొలవకండి. నీరు బారెడు, ఉప్పెన రెండు బారలు అనుకుంటే లోతు మూడు. దానికి కనీసం ఏడు రెట్లు, ఇరవై ఒక్క బారల తాడు వదలాలి. అడుగున గొలుసు ఉండాలి. రెండో లంగరును కాస్త ఎడంగా, ఈశాన్యం నుంచి ఆగ్నేయం వరకు గాలిని ఆపేలా వేయండి.

తెరచాపను చుట్టి నిలువు కొయ్యకే కట్టి వదలడం పెద్ద తప్పు. గాలి ఒక మడత విప్పితే చాలు, మిగతాదంతా తనే లాక్కుంటుంది. చాపను, అడ్డకర్రను, వీలైతే కొయ్యను కూడా దించి ఒడ్డుకు చేర్చండి. చుక్కాని ఊడదీసేదైతే తీయండి, లేదంటే కదలకుండా కట్టండి. వలలు, డబ్బాలు, ఇంధనం, ఇంజను ఇంటికి. చిన్న దోనెలనైతే గట్టు పైకి లాగి, బోర్లించి, నేలలో దిగ్గొట్టిన రెండు మేకులకు కట్టేస్తే చాలు.

రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు ప్లాస్టిక్ సంచిలో మీ దగ్గరే పెట్టుకోండి. కట్టిన నావను ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి, పరిహారం అడిగేటప్పుడు పనికొస్తుంది. తరువాత తుపాను రక్షణ భవనానికి వెళ్లిపోండి. నావలో కాపలాకు మనిషిని ఉంచవద్దు, కొడుకునైనా, పాలేరునైనా. ఎవరైనా సముద్రంలో చిక్కుకుంటే తీర రక్షక దళం నంబరు 1554, రాష్ట్ర విపత్తుల కేంద్రం నంబరు 1070.

తిరిగి వచ్చాక వెంటనే నావలోకి కాలు పెట్టకండి. వరదలో కొట్టుకొచ్చిన పాములు చెక్కల సందుల్లో దూరి ఉంటాయి. గెడతో తట్టి చూడండి, ఆ తరువాతే నీరు తోడడం మొదలుపెట్టండి.