కూపేనా, ఎస్‌యూవీనా: వెనక సీట్లో కూర్చుని తేల్చుకోవడం ఎలా

షోరూంకు పోయేటప్పుడు దర్జీలు వాడే టేపు ఒకటి జేబులో వేసుకోండి. ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషిని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. బ్రోచర్లో పొడవు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉంటాయి గానీ వెనక సీట్లో అమ్మ కాళ్లు ఎలా పెట్టుకుంటుందో ఉండదు.

అసలైన కూపే అంటే రెండు తలుపులది. దాని వెనక సీటు చిన్నపిల్లలకో సంచులకో తప్ప పనికిరాదు, అక్కడ కొలిచేదేమీ లేదు. మన వరంగల్, కరీంనగర్ రోడ్ల మీద కూపే అని పిలుస్తున్నవి 2024లో వచ్చిన టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్ లాంటివి: నాలుగు తలుపులు, ఎస్‌యూవీ ఎత్తు, వెనక్కి జారిన టాప్. వీటిని హ్యుందాయ్ క్రెటా లాంటి నిటారు బండితో, అంటే టాప్ వెనక్కి జారని మామూలు ఎస్‌యూవీతో పోల్చి చూడాలి. ముందు సీట్లలో పెద్ద తేడా దొరకదు. తేడా అంతా వెనకే.

ముందుగా, ఇంట్లో బండి నడిపే మనిషి డ్రైవర్ సీటును తనకు కుదిరినట్టు జరుపుకోవాలి. ఆ తర్వాతే పొడుగాయన దాని వెనక కూర్చోవాలి. ముందు సీటు ముందుకు జరిపి ఉన్న బండిలో ఎవరికైనా కాళ్లకు చోటు బాగానే కనిపిస్తుంది. మోకాలికీ ముందు సీటుకూ మధ్య పిడికిలి పట్టాలి. నడుమును సీటు మూలకు ఆనించి నిటారుగా కూర్చున్నాక తలకూ టాప్‌కూ మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి. రెండు వేళ్లే పడితే స్పీడ్ బ్రేకర్ దగ్గర తల తగులుతుంది. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ కొనాలనుకుంటే దాంట్లోనే కూర్చుని చూడండి, అది తల మీది చోటును కొంత తింటుంది.

తలకు చోటుందని సంబరపడకండి, తొడలు చూడండి. జారిన టాప్ కింద తల పట్టాలంటే సీటును కిందికి దించాలి. దించితే మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలు సీటుకు ఆనవు, ఒంటి బరువంతా వెన్నుపూస చివర పడుతుంది. షోరూంలో అయిదు నిమిషాల్లో ఇది తెలియదు. హన్మకొండ నుంచి హైదరాబాద్ బయల్దేరితే జనగామ దాటేసరికి మనిషి అటూ ఇటూ కదలడం మొదలుపెడతాడు. అందుకే ఇలా చూడండి: పాదాలు ఫ్లోర్ మీద పూర్తిగా ఆనించి, మోకాలి వెనక తొడ కిందికి అరచేయి తోయండి. చెయ్యి సులువుగా లోపలికి పోతే ఆ సీటు దూరప్రయాణానికి పనికిరాదు. ఫ్లోర్ నుంచి సీటు ముందు అంచు దాకా రెండు బండ్లలోనూ టేపు పెట్టి రాసుకోండి. బసాల్ట్ కొన్ని వేరియంట్లలో వెనక సీటు తొడల వైపు 87 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది, లేపి ఒకసారి, దించి ఒకసారి కూర్చోండి. ఎలక్ట్రిక్ బండైతే ఫ్లోర్ కింద బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఫ్లోరే పైకి వచ్చి ఇదే ఇబ్బంది రావచ్చు. పెట్రోల్ బండి చూసి ఎలక్ట్రిక్ బుక్ చేయొద్దు.

ముగ్గురు పెద్దవాళ్లు పక్కపక్కన కూర్చోవాలంటే భుజాల దగ్గర అటు తలుపు నుంచి ఇటు తలుపుకు 135 సెంటీమీటర్లయినా ఉండాలి, మనిషికి 45 చొప్పున. నడిమి సీటు తరచూ గట్టిగా, ఎత్తుగా ఉంటుంది. అక్కడ కూర్చోకుండా రావద్దు.

పెద్దవాళ్లను రెండుసార్లు ఎక్కించి దించండి. సీటు అంచు వాళ్ల నడుము కంటే కాస్త కింద ఉంటే పక్కకు తిరిగి కూర్చుంటే చాలు, ఎక్కక్కర్లేదు. కూపేలో తలుపు పైఅంచు వెనక్కి వంగి ఉంటుంది, తల వంచకపోతే తగులుతుంది. చీర కట్టుకున్నవాళ్లకు ఎత్తైన ఎస్‌యూవీ అడుగు కష్టం.

డిక్కీ లీటర్లు చూసి మోసపోకండి. కర్వ్‌కు 500, బసాల్ట్‌కు 470, క్రెటాకు 433 అని ఉంటుంది. పెట్టెలు, 25 కిలోల బియ్యం బస్తాలు పడుకోబెట్టి పేర్చితే కూపే నిజంగానే ఎక్కువ పట్టిస్తుంది. నిలువుగా పెట్టే కూలర్, పిల్లల సైకిల్ అయితే నిటారు బండే నయం, అద్దం అడ్డం రాదు. బస్తా ఎత్తి వేసేది మీరే కాబట్టి నేల నుంచి డిక్కీ అంచు ఎత్తూ కొలవండి.

ఎండ సంగతి మరవొద్దు. కూపే వెనక అద్దం వాలుగా ఉండి మే నెల మధ్యాహ్నం ఎండ నేరుగా వెనక కూర్చున్నవాళ్ల మెడ మీద పడుతుంది. బండిని ఎండలో పెట్టించి, వెనక ఏసీ గాలి ముఖానికి ఎంతసేపట్లో చల్లగా తగులుతుందో చూడండి.

చివరగా నలుగురితో అరగంట నడపండి, గతుకుల రోడ్డు మీద కూడా. మేడారం వైపు తాడ్వాయి మలుపుల్లాంటి చోట సీటు పక్కలు ఒంటిని పట్టి ఉంచాలి, కానీ లావాటి మనిషి తుంటిని నొక్కకూడదు. దిగాక వెనక కూర్చున్నవాళ్లను ఎక్కడ పట్టేసిందో అడగండి. తొడలంటే సీటు మరీ కిందికుంది. మెడంటే తలను తప్పించడానికి వంచుకుని కూర్చున్నారు. నడుమంటే ఫోమ్ మెత్తబడి లోపలికి కుంగింది, అదే బండిలో ఇంకో రకం సీటున్న వేరియంట్ ఉంటే అది చూపించమనండి.