మీ థర్మామీటర్ నిజం చెబుతోందా? ఐసుతో తేల్చుకోవడం ఎలా?

ఏప్రిల్ దాటిందంటే హనుమకొండలో ఇంటింటా ఇదే పంచాయితీ. ఫోన్ 43 అంటుంది, గోడకున్న ఎర్రగీత 46 అంటుంది. మూడోది కొనుక్కొచ్చి పక్కన వేలాడదీస్తే ఈ పంచాయితీ తెగదు. రెండు తప్పుడు థర్మామీటర్లు ఒకే అంకె చూపినా అది తప్పు అంకే. కరుగుతున్న ఐసు ఒక్కటే ఇక్కడ పెద్దమనిషి. మంచినీళ్ల ఐసు కరుగుతున్నంతసేపు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది, బయట రోహిణి కార్తె ఎండ కాసినా సరే.

కావాల్సినవి: స్టీలు చెంబు, దాని చుట్టూ చుట్టడానికి మందపాటి తువ్వాల, రోకలి, ఆర్వో నీళ్లతో ముందురోజు గడ్డకట్టించిన ఐసు, ఫ్రిజ్‌లో చల్లబడ్డ అవే నీళ్లు. బోరు నీళ్లు వద్దు. లీటరులో గ్రాము ఉప్పు కరిగి ఉన్నా తేడా 0.06 డిగ్రీలే కదా అని లెక్క చెప్పేవాళ్లుంటారు. లెక్క నిజమే, అయినా వద్దు. ఊకలో పొర్లిన బజారు ఐసుగడ్డ అసలే వద్దు, దానికి ఏం అంటిందో ఎవరికీ తెలియదు.

ఈ పరీక్ష స్కేలు మీద సున్నా ఉన్నవాటికే. జ్వరం చూసేవాటిని ముంచకండి. పాదరసంది 35 నుంచి 42 వరకే కొలుస్తుంది. డిజిటల్‌ది మామూలుగా 32 కిందికి వస్తే అంకె చూపదు.

1. ఐసును తువ్వాలలో మూటకట్టి రోకలితో దంచండి. ముక్కలు శనగగింజ కంటే పెద్దగా ఉండొద్దు.

2. చెంబు నిండా ఐసు పోసి, సందులు నిండేంత వరకే నీళ్లు పోయండి.

పదిమందిలో తొమ్మిదిమంది చెడగొట్టేది ఇక్కడే. గిలాసెడు నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసి థర్మామీటర్ ముంచుతారు. ముక్కలు పైన తేలుతుంటాయి, కొస అడుగున ఉంటుంది. నీళ్లు అన్నిటికంటే బరువెక్కేది 4 డిగ్రీల దగ్గర, ఆ నీళ్లు అడుగుకు చేరతాయి. థర్మామీటర్ 3 చూపిస్తే పాపం అది నిజమే చెప్పింది, మీరే దాన్ని చెత్తబుట్టలో వేశారు. ఐసు అడుగుదాకా దిగి ఉండాలి. తేలుతోందంటే నీళ్లు ఎక్కువైనట్టే, వంపేసి ఇంకాస్త ఐసు వేయండి.

దీనికి ఎదురు తప్పు, నీళ్లే పోయకపోవడం. ఫ్రీజర్ లోంచి తీసిన ఐసు మైనస్ 18 ప్రాంతంలో ఉంటుంది. ముక్క తెల్లగా, పొడిగా ఉండి వేలికి అతుక్కుంటే అది ఇంకా సున్నాకు రాలేదు. పైన తడి మెరిసి, ముక్క అద్దంలా కనబడేదాకా ఆగండి. నీళ్లు పోశాక పది నిమిషాలు అలా వదిలేస్తే సరిపోతుంది. తొందరగా చల్లబడుతుందని ఉప్పు చల్లేవాళ్లకు ఒక్క మాట: ఉప్పు కలిస్తే ఐసు మైనస్ 21 దాకా దిగగలదు. అది కుల్ఫీకి పనికొస్తుంది, దీనికి కాదు.

ప్రోబ్ (పుల్లలా పొడవైన లోహపు కొస ఉన్న థర్మామీటర్) అయితే కనీసం 5 సెంటీమీటర్లు ముంచండి, కొస నడిమధ్యలో ఉండాలి, చెంబు గోడకు గానీ అడుక్కు గానీ తగలొద్దు. ప్లాస్టిక్ పిడి మునగొద్దు. గోడ థర్మామీటర్‌ను సున్నా గీత దాకా ఐసులో పూడ్చాలి. బోర్డు చెంబులో పట్టకపోతే గంజు తీసుకోండి. మూడు నిమిషాలు మెల్లగా కలుపుతూ ఉండండి. అంకె నిమిషంపాటు కదలకపోతేనే లెక్క.

3. కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా పెట్టి చదవండి. ఎర్ర స్పిరిట్ అంచులు పైకెక్కి నడుమ గుంటపడుతుంది, ఆ గుంట అడుగు చూడాలి. పాదరసం నడుమ ఉబ్బుతుంది, ఆ ఉబ్బు నెత్తి చూడాలి.

ఒకటి ఎక్కువ చూపిస్తే ఆ ఒకటి తీసేయాలి, అంతే. గోడవాటిలో చాలాసార్లు స్పిరిట్ తప్పేం ఉండదు, గాజు గొట్టం అంకెల బోర్డు మీద జారి ఉంటుంది. కట్టు తీగ వదులు చేసి, ఐసులో ఉండగానే గీత కొసను సున్నాకు జరిపి బిగించండి. గీత మధ్యలో తెగి ఉంటే మాత్రం ముందు దాన్ని కలపాలి: ఇక్కడ ఉప్పు ఐసు పనికొస్తుంది, బల్బును నిటారుగా అందులో పెడితే స్పిరిట్ అంతా కిందికి దిగి అతుక్కుంటుంది. ముల్లుండే డయల్‌కైతే వెనక నట్టు ఉంటుంది, పానా పెట్టి తిప్పండి.

4. ప్రోబ్‌కు రెండో పరీక్ష, మరిగే నీళ్లు. గోడవాటికి చేయకండి, 50 దాకా కొలిచే గొట్టం పగిలిపోతుంది. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే ఇక్కడ నీళ్లు 99కి అటూఇటూగా మరుగుతాయి. 99 చూసి "ఒకటి తక్కువుంది" అని సరిచేస్తే, సరిగ్గా ఉన్నదాన్ని మీరే పాడు చేసినట్టు. ఐసులో 1, మరుగులో 100 వచ్చిందా, అన్నిచోట్లా ఒకటి తీసేయండి. ఐసులో సున్నా, మరుగులో 96 అయితే తప్పు వేడితోపాటు పెరుగుతోంది: 43 దగ్గర దాదాపు 1.3 తక్కువ చూపుతుంది.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఇదంతా క్షణంలో అయిపోతుందంటారు. అది ఎదుటివస్తువు పైపొరను మాత్రమే చూస్తుంది. మెరిసే స్టీలు గంజు వైపు పెడితే గంజు వేడికి అందులో ప్రతిబింబించిన మీ చొక్కా వేడిని కూడా కలిపి చెబుతుంది. గాలి వేడికి అది అసలే పనికిరాదు.

పరీక్ష నెగ్గినదాన్ని మళ్లీ రేకుల కప్పు కింద తగిలిస్తే 46 మళ్లీ వస్తుంది, ఈసారి తప్పు రేకుది. ఉత్తరం వైపు నీడలో, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, గోడకు జానెడు దూరంగా, గాలి ఆడేచోట తాడుతో వేలాడదీయండి. కూలర్ ఊదే దారిలో మాత్రం కాదు.