నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) నుంచి యూఎస్‌బీ డ్రైవ్‌కి బ్యాకప్: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• డ్రైవ్‌ని కంప్యూటర్‌కి కాదు, నేరుగా నాస్‌కే తగిలించండి. కంప్యూటర్ మీదుగా వెళితే గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ దాటడం కష్టం. వైఫైలో సాధారణంగా అంత కూడా రాదు.

• పోర్టు, కేబుల్, డ్రైవ్ మూడూ యూఎస్‌బీ 3.0వేనా చూడండి. ఒక్కటి 2.0 అయినా వేగం 35–40 ఎంబీ దగ్గరే ఆగుతుంది. పాపం, చాలాసార్లు తప్పు కేబుల్‌ది, నింద డ్రైవ్‌కి.

• లినక్స్ ఆధారిత నాస్‌కి ఎక్స్‌టీ4 (లినక్స్ సొంత ఫైల్ పద్ధతి) ఫార్మాట్ మేలు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే చిన్న ప్రాసెసర్ల మీద భారం పడి రాత నెమ్మదిస్తుంది. కానీ ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. పైగా ఎక్స్‌టీ4ని విండోస్ నేరుగా చదవలేదు. ఈ రెండూ ఆలోచించుకున్నాకే చేయండి.

• ఎస్‌ఎంఆర్ డ్రైవ్ (డేటా వరుసలను ఒకదానిపై ఒకటి కొంత ఎక్కించి రాసే హార్డ్ డిస్క్) మొదట పరుగెత్తి, కాష్ (తాత్కాలిక నిల్వ) నిండగానే చతికిలబడుతుంది.

• రెయిడ్ (నాస్‌లోని డిస్కులను కలిపి వాడే ఏర్పాటు) తనిఖీ నడిచే వేళ బ్యాకప్ పెట్టకండి.

• మొదటిసారి మొత్తం కాపీ, ఆ తర్వాత ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో మారిన ఫైళ్లు మాత్రమే.