నడివయసు దాటాక టర్నర్ సిండ్రోమ్ అనుమానం వస్తే ఏం చేయించుకోవాలి

పొట్టిగా ఉండటం, రజస్వల కాకపోవడం లేదా 40 లోపే నెలసరి ఆగిపోవడం, వినికిడి తగ్గడం, థైరాయిడ్, బీపీ: ఇవన్నీ టర్నర్ సిండ్రోమ్ గుర్తులు కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు మందు రాస్తూ పోతే అసలు కారణం యాభై ఏళ్లొచ్చినా బయటపడదు. ఆడవాళ్లకుండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగానో కొంతభాగమో లేకపోవడమే టర్నర్ సిండ్రోమ్. కొన్ని కణాల్లోనే లోపం ఉండే మొజాయిక్ రకంలో నెలసరి రావచ్చు, కాన్పులూ కావచ్చు. కాబట్టి పిల్లలున్నారని దీన్ని కొట్టిపారేయకండి.

అడగాల్సిన పరీక్ష కారియోటైప్, అంటే కణాల్లోని క్రోమోజోముల్ని లెక్కపెట్టి చూసే రక్తపరీక్ష. రక్తం సోడియం హెపారిన్ ట్యూబులోనే తీయాలి. ఇడిటిఎ ట్యూబులో తీస్తే ల్యాబులో కణాలు సరిగా పెరగవు, మళ్లీ సూది తప్పదు. చీటీ మీద ‘టర్నర్ అనుమానం, 30 కణాలు చూడాలి’ అని డాక్టరు చేత రాయించండి. మామూలుగా చూసే 20 కణాల్లో తక్కువ శాతం మొజాయిక్ దొరక్కపోవచ్చు. రిపోర్టు మామూలుగా వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే, బుగ్గ లోపలి కణాలతో ఫిష్ (FISH) పరీక్ష, అంటే మెరిసే రంగుతో క్రోమోజోముల్ని గుర్తించే పరీక్ష చేయించాలి.

రిపోర్టులో ‘45,ఎక్స్’ (46 బదులు 45 క్రోమోజోములు, ఒకటే ఎక్స్) అని కనబడగానే కంగారు పడొద్దు. వయసు మీదపడేకొద్దీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ కొన్ని కణాలు ఒక ఎక్స్‌ని పోగొట్టుకుంటాయి. 50 దాటినవారిలో ఆ కణాలు 5 శాతం లోపే ఉంటే టర్నర్ అని తేల్చకూడదు. వై క్రోమోజోము ముక్క కనిపిస్తే మాత్రం అండాశయాల్లో గడ్డలొచ్చే ప్రమాదం ఉంది, వాటిని తీయించడం గురించి మాట్లాడాలి.

తేలాక మొదట చూడాల్సింది గుండె. ఎకో, గుండె ఎంఆర్ఐ రెండూ చేయించండి. బృహద్ధమని అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం. మూడు రేకులుండాల్సిన దాని కవాటానికి రెండే ఉండటం, ధమని సన్నబడటం, ఉబ్బడం వీళ్లలో ఎక్కువ. ఇక్కడ సెంటీమీటర్ల కొలత ఒక్కటే చూస్తే మోసపోతాం. 142 సెం.మీ. ఎత్తు, 50 కిలోల బరువున్న మనిషి శరీర ఉపరితలం సుమారు 1.4 చదరపు మీటర్లు. ఆమె ఆరోహణ ధమని (బృహద్ధమనిలో గుండె నుంచి పైకెళ్లే భాగం) వెడల్పు 3.6 సెం.మీ. ఉంటే రిపోర్టులో ‘నార్మల్’ అని రావచ్చు. ఆ 3.6ని శరీర ఉపరితలం 1.4తో భాగిస్తే 2.57 వస్తుంది. 2.5 దాటితే ధమని చీలే ముప్పు ఎక్కువ. ఈ లెక్క వేయమని కార్డియాలజిస్టుని అడిగి తీరాలి. బీపీ అదుపు తప్పనివ్వకూడదు.

థైరాయిడ్‌కి టిఎస్‌హెచ్, షుగర్‌కి హెచ్‌బిఎ1సి, లివర్ ఎంజైములు ఏటా చూపించుకోవాలి. ఎముకల గట్టిదనానికి డెక్సా స్కాన్, చెవులకు ఆడియోగ్రామ్, కిడ్నీలకు ఒకసారి అల్ట్రాసౌండ్. నెలసరి ఆగే సహజ వయసు రాకపోతే ఈస్ట్రోజెన్ సంగతి గైనకాలజిస్టుతో తేల్చుకోండి.

ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో ఆగొద్దు. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే ‘టర్నర్ ఉంది, ధమని చీలిందేమో సీటీ తీయండి’ అని చెప్పండి.