ఇబ్బంది పెట్టే గదిలో స్టీరియో: ఈక్వలైజర్‌ను ఎలా వాడాలి?

బాస్ గిటార్ బాగా వినిపించే పాట ఒకటి పెట్టి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని వినండి. ఒక స్వరం గదంతా నిండిపోయి, అది ఆగాక కూడా ఇంకా మోగుతూనే ఉంటుంది. దాని పక్క స్వరం మాత్రం వినీ వినబడనట్టు పోతుంది. స్పీకర్లు మార్చినా, యాంప్లిఫైయర్ మార్చినా ఈ హెచ్చుతగ్గులు చాలావరకు అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి పుట్టేది గోడల మధ్య. చిన్న గదుల్లో, చతురస్రంగా ఉన్న గదుల్లో ఈ బాధ మరీ ఎక్కువ. ఒక్కో స్వరాన్ని విడిగా పెంచడానికీ తగ్గించడానికీ వాడే ఈక్వలైజర్ దీన్ని చాలావరకు సరిచేయగలదు. అయితే గది పెంచినదాన్ని అది తగ్గించగలదే గాని, గది మింగేసినదాన్ని తిరిగి తేలేదు. కింది పనులన్నీ ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకుని చేయాలి.

ముందు గదిని కొలవండి

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఏ స్వరపు తరంగంలో సగం పొడవు ఎదురెదురు గోడల మధ్య దూరానికి సమానమవుతుందో, ఆ స్వరానికి గది తనూ గొంతు కలుపుతుంది. లెక్క సులభం: 172ను గోడల మధ్య దూరంతో, అంటే మీటర్ల సంఖ్యతో, భాగించండి. గది పొడవు 4.2 మీటర్లయితే 41 హెర్ట్జ్ (అంటే సెకనుకు 41 కంపనాలు), వెడల్పు 3.1 మీటర్లయితే 55 హెర్ట్జ్ వస్తాయి. బాస్ గిటార్‌లో అన్నిటికంటే మంద్రమైన తీగ మోగేది 41 దగ్గరే, దాని తరువాతి తీగ 55 దగ్గర. వాయించేవారు పదే పదే మీటే ఆ రెండు తీగలనే ఈ గది ఉబ్బించి వినిపిస్తుందన్నమాట. ఆ అంకెల రెట్టింపులు, మూడు రెట్లు కూడా రాసి పెట్టుకోండి. గది చతురస్రమైతే రెండు జతల గోడలూ ఒకే స్వరాన్ని పట్టుకుంటాయి. అలాంటి గదులు మొండికేయడానికి కారణం అదే.

కుర్చీని, స్పీకర్లను జరిపి చూడండి

ఈక్వలైజర్‌ను ముట్టుకోవడానికి ముందే ఈ పని పూర్తి కావాలి. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే పొడవుకు చెందిన మొదటి స్వరం, మన లెక్కలో 41 హెర్ట్జ్, దాదాపు మాయమవుతుంది. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే అదే స్వరం మీద పడుతుంది. గది పొడవులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ దూరం, ముందు గోడ నుంచైనా వెనక గోడ నుంచైనా, మంచి ఆరంభం.

స్పీకర్లు మూలల్లో ఉంటే మంద్రం అమాంతం పెరుగుతుంది. అలాగని వాటి వెనకున్న గోడ నుంచి ముందుకు లాగితే ఇంకో చిక్కు వస్తుంది. గోడను తాకి తిరిగి వచ్చే తరంగం, నేరుగా వచ్చే తరంగంతో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఢీకొని రద్దవుతుంది. స్పీకర్ ముందు భాగం గోడకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ గొయ్యి 107 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఓ 20 సెంటీమీటర్లు అటూ ఇటూ జరుపుతూ అదే పాట మళ్లీ మళ్లీ వినండి. ఇక్కడ గడిపిన గంట, తరువాత ఫిల్టర్లతో, అంటే ఈక్వలైజర్‌లో ఒక్కో స్వరానికి పెట్టే సవరణలతో, పడే పాట్లను ఎంతో తగ్గిస్తుంది.

గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. గణగణమని మోత వినిపిస్తే అది ఖాళీ గోడల పని. దానికి తివాచీ, మందపాటి తెరలు, పుస్తకాల అల్మారా కావాలి. ఈక్వలైజర్ ఆ మోతను ఆపలేదు.

ఏ స్వరం దగ్గర తేడా ఉందో పట్టుకోండి

కొలతల కోసం తయారైన మైక్రోఫోన్ ఉంటే మంచిది. యూమిక్-1 లాంటివి మైక్రోఫోన్ సొంత తేడాలను సరిదిద్దే సవరణ ఫైలుతో వస్తాయి, నేరుగా కంప్యూటర్‌కు తగిలించవచ్చు. కొలిచే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితం. మైక్రోఫోన్‌ను చెవుల ఎత్తులో పెట్టి కొలవండి. తల ఉండే చోటుకు చుట్టూ అయిదారు చోట్ల కొలిచి సగటు తీయండి. ఏ స్వరం ఎంత గట్టిగా ఉందో తెరపై చూపే గీతను ఒక్క బిందువు దగ్గరే తీసి, దాన్ని నమ్మి ఫిల్టర్లు వేస్తే, తల కాస్త కదిపినా సవరణ తప్పుతుంది.

మైక్రోఫోన్ లేకపోయినా పని ఆగదు. స్వరాలు పుట్టించే యాప్ ఒకటి స్టీరియోకు కలిపి, 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు ఒక్కో అంకె పెంచుతూ వెళ్లండి. ధ్వని మధ్యస్థంగా ఉండాలి. ఒకే స్వరాన్ని గట్టిగా, ఎక్కువసేపు మోగిస్తే స్పీకర్లు దెబ్బతినవచ్చు. కిందికి వెళ్లేకొద్దీ చెవికి తక్కువగా వినిపించడం సహజం, దాన్ని పట్టించుకోకండి. ఇరుగుపొరుగు స్వరాలతో పోలిస్తే హఠాత్తుగా ఉబ్బేవాటినే రాసుకోండి. మీరు వేసిన లెక్కకు అవి ఎంత దగ్గరగా ఉంటాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఎలాంటి ఈక్వలైజర్ కావాలి?

పారామెట్రిక్ రకం. వరసగా మీటలున్న పది బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో మీటలు 31, 63, 125 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. మన 41 రెండింటి మధ్య పడుతుంది, ఏ మీట దించినా పక్కనున్న మంచి స్వరాలు కూడా పోతాయి. 1972లో ధ్వని ఇంజనీరు జార్జ్ మాసెన్‌బర్గ్ తన పత్రంలో వివరించిన పారామెట్రిక్ పద్ధతిలో మూడు విలువలు మన చేతిలో ఉంటాయి: ఏ ఫ్రీక్వెన్సీ, ఎన్ని డెసిబెల్స్ (ధ్వని స్థాయికి కొలత), ఎంత వెడల్పు. ఈ వెడల్పును నిర్ణయించే అంకెను క్యూ అంటారు. క్యూ పెరిగేకొద్దీ కోత ఇరుకవుతుంది. విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనిని ఉచితంగా చేస్తుంది.

శిఖరాలను కోయండి, గోతులను వదిలేయండి

అన్నిటికంటే ఎత్తైన శిఖరంతో మొదలుపెట్టండి. 41 హెర్ట్జ్ దగ్గర ధ్వని చుట్టుపక్కల కంటే 9 డెసిబెల్స్ ఎక్కువ ఉందనుకుందాం. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ 41, క్యూ 5, తగ్గింపు 6 డెసిబెల్స్ పెట్టి మళ్లీ కొలవండి, లేదా వినండి. శిఖరం ఇరుగ్గా ఉంటే క్యూ పెంచండి, చాలకపోతే ఇంకో రెండు డెసిబెల్స్ దించండి. తరువాత రెండో శిఖరం. మూడు నాలుగు ఫిల్టర్లు మించి అవసరం పడటం అరుదు. ఫిల్టర్ శిఖరానికి సరిగ్గా సరిపోతే, మీరు కూర్చున్న చోట ఆ స్వరం హోరు మాత్రమే కాదు, తోకలా సాగే మోత కూడా తగ్గుతుంది. డ్రమ్ దెబ్బ దెబ్బలా వినిపించడం మొదలవుతుంది. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం కలగడానికి ఆ క్షణమే కారణం.

ఇక గోతుల సంగతి. తెరపై గొయ్యి కనిపిస్తే నింపాలని చేయి లాగుతుంది. నింపకండి. రెండు తరంగాలు రద్దయి ఏర్పడిన గొయ్యి అది. మీరు ఎంత పోస్తే, గోడ నుంచి తిరిగొచ్చేదీ అంతే పెరిగి మళ్లీ రద్దు చేస్తుంది. మరోవైపు 3 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫైయర్ రెట్టింపు శక్తి ఇవ్వాలి, 10 పెంచితే పది రెట్లు. గొయ్యి నిండదు, స్పీకర్ మాత్రం అలిసిపోతుంది. గొయ్యికి మందు కుర్చీనో, స్పీకర్‌నో జరపడమే. ఎక్కడైనా వెడల్పుగా ఉన్న చిన్న లోటును 2, 3 డెసిబెల్స్ పెంచాల్సి వస్తే, డిజిటల్ ఈక్వలైజర్‌లో మొత్తం స్థాయిని అంతే తగ్గించండి. లేకపోతే ధ్వని చిట్లుతుంది.

300 హెర్ట్జ్ పైన ఇలాంటి సన్నని కోతలు వేయకండి. అక్కడ కనిపించే గజిబిజి గీతలు తల కదిలిస్తే మారిపోయేవే. గొంతులు మరీ పదునుగా ఉంటే పై భాగాన్ని వెడల్పుగా ఒకటి రెండు డెసిబెల్స్ వంచండి, చాలు. కూర్చునే చోట గీత తిన్నగా ఉండాలనే పట్టుదల వద్దు. మంచి స్పీకర్ గదిలో మోగితే ఆ గీత మంద్రం నుంచి తారానికి మెల్లగా కిందికి వాలడమే సహజం.

పోల్చి వినండి

ఫిల్టర్లు వేశాక మొత్తం ధ్వని కొంచెం తగ్గుతుంది, చెవికి ఎప్పుడూ గట్టిగా వినిపించేదే మేలనిపిస్తుంది. అందుకే రెండింటినీ సమాన స్థాయికి తెచ్చి పోల్చండి. రోజూ ఎంత ధ్వనితో వింటారో అంతే పెట్టండి, ఎందుకంటే ధ్వని తగ్గేకొద్దీ చెవి మంద్రాన్ని మరింత తక్కువగా పట్టుకుంటుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. వారం రోజులు అలాగే విని, ఆ తరువాత మొదట పెట్టిన బాస్ గిటార్ పాటనే మళ్లీ పెట్టండి. ఫిల్టర్లను ఒకసారి ఆపి, ఒకసారి వేసి, ఆ మంద్రమైన తీగ మీటగానే మోగి, వేలు తీయగానే ఆగుతోందా అని చూడండి.