దుప్పట్లు పంచినంక ఏం చెయ్యాలె? బీదల న్యాయం గురించి మన సంఘాలకు

డిసెంబర్ రాంగనే మన వరంగల్ దిక్కు చానా క్రైస్తవ సంఘాలల్ల దుప్పట్లు, బియ్యం పంచుతరు, మంచిదే, చలికి వణికేటోళ్లకు ముందు దుప్పటే కావాలె, దాన్ని నేను తప్పు పడ్తలేను. కాని లేవీయకాండం 19ల దేవుడు ఏం చెప్పిండో ఒకసారి నిమ్మళంగ చదువుండ్రి, పొలం అంచుల దాక కోయొద్దు, కోతల రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదలది, పరదేశులది అన్నడు. పరిగె అంటే మనకు ఎవరూ చెప్పక్కర్లే, వరికోతలు అయినంక మా నాయనమ్మ పోయి ఏరుకొచ్చేది, ఎవరికీ దండం పెట్టకుంట, ఎవరితోని ఫొటో దిగకుంట. అది ఆమె హక్కు లెక్క ఉండేది. ఇప్పుడు హార్వెస్టర్లొచ్చి పరిగె మిగులుడే తక్కువైంది, సగం సంఘాలకు పొలాలే లేవు, మరి ఏం చెయ్యాలె అంటే మేము చేసుకుంట నేర్చుకున్నది రాస్తున్న.

మొదలు సంఘం లెక్కల బుక్కు తీయుండ్రి. బయటి బీదలను చూసే ముందు మన దగ్గర పనిచేసేటోళ్లకు మనమే ఎంత బాకీ ఉన్నమో చూడాలె. ఒక ఏడు మేము క్రిస్మస్‌కు దుప్పట్లు పంచినం, ఆ వారంలనే తెలిసింది, మందిరం ఊడ్చే అక్కకు మూడు నెలల పైసలు ఇయ్యలేదని. ఎవరూ కావాలని చెయ్యలే, ఒకరు ఇచ్చిండ్రని ఇంకొకరు అనుకున్నరు, కాని ఆమె ఆ మూడు నెలలు బాకీ తెచ్చుకొని తిన్నది. ద్వితీయోపదేశకాండం 24ల కూలోని కూలి పొద్దుగూకకముందే ఇయ్యాలె, వాడు దానిమీదనే ఆశ పెట్టుకున్నడు అని ఉంటది. అప్పటిసంది మా దగ్గర కూలి పైసలు కట్టినంకనే మిగతా ఖర్చు. మీ ఇండ్లల్ల పనిమనిషి, మీ చేన్ల పత్తి ఏరే కూలీలు, మీ మేస్త్రీ కింద పనిచేసేటోళ్లు, అందరి లెక్క గిట్లనే చూసుకోవాలె.

తర్వాత మిత్తి. ఇది మాట్లాడుడు కష్టం, ఎందుకంటే సంఘంలనే ఇచ్చేటోళ్లు ఉంటరు, తీసుకునేటోళ్లు ఉంటరు, ఇద్దరూ ఒకటే చాపమీద కూసుంటరు. మూడు రూపాయల మిత్తి అంటే పదివేలకు నెలకు 300, ఏడాదికి 3,600, అసలు అట్లనే ఉంటది. నెహెమ్యా 5 చదువుండ్రి, పొలాలు కుదువ పెట్టుకున్న జనం మొరపెట్టుకుంటే ఆయన పెద్దమనుషులను పిలిచి గద్దించిండు, ముందు నేను, నా అన్నదమ్ములం కూడ అప్పులిచ్చినం, ఈ మిత్తి ఇడిచిపెడదం అన్నడు. అందుకే పాస్టరయ్య వాక్యం చెప్పే ముందు సంఘ పెద్దలే వాళ్ల బాకీలల్ల మిత్తి తగ్గించుకుంటే ఆ మాటకు బలం ఉంటది. కానుకలల్ల కొంత పక్కకు పెట్టి దవాఖాన, పిల్లల ఫీజుల కోసం మిత్తి లేకుంట అప్పిచ్చే డబ్బా ఒకటి పెట్టుండ్రి, చిన్నగనే, ఇద్దరు లెక్క రాసేటట్టు, ఒకరి చేతుల పెట్టొద్దు.

మూడోది నాకు అన్నిటికన్న ముఖ్యం అనిపిస్తది, తోడు పోవుడు. చదువు రానోళ్లు ఆఫీసుకు ఒక్కళ్లే పోతే రేపు రా అంటరు, ఇద్దరు తోడుంటే కూసోబెడ్తరు. అపొస్తలుల కార్యములు 6ల విధవలకు పంపకంల అన్యాయం జరిగితే ఏడుగురిని ఏర్పాటు చేసిండ్రు కదా, మీరు కనీసం నలుగురిని పెట్టుండ్రి, అందుల ఇద్దరు ఆడోళ్లు ఉండాలె, భర్త చనిపోయిన అక్క తన బాధ మొగోళ్లకు చెప్పదు. ఒక పని మాత్రం మరువొద్దు, భూస్థాపన చేసేది సంఘమే గనుక మరణం రిజిస్టర్ చేయించుడు కూడ సంఘమే గుర్తు పెట్టుకోవాలె. 21 రోజుల లోపల పంచాయతీలనో మున్సిపాలిటీలనో చెప్తే ఏ ఫీజూ లేకుంట అయిపోతది, ఏడాది దాటితే ఆఫీసర్ ఆర్డర్ దాక తిరగాలె, ఆ సర్టిఫికెట్ లేక పింఛన్, బ్యాంకు పైసలు, భూమి పేరు మార్పు అన్నీ ఆగుతయి. దినాలకు పోయినప్పుడే ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కూడ తీసి చూడుండ్రి.

పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌ల అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటది, హన్మకొండ అయినా వరంగల్ అయినా, కాగితం రాసి రెండు కాపీలు తీసుకపోండ్రి, ఒకదానిమీద ముద్ర వేయించుకోకుంట రావొద్దు. కేసు దాక పోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 1987 చట్టం ప్రకారం ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు ఆదాయం చూడకుంటనే ఉచితంగ వకీలు ఇస్తరు, 15100కు ఫోన్ చెయ్యొచ్చు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తీసుకపోయే అన్నలకు తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిచ్చే చీటీ, తీసుకోకుంట రావొద్దని చెప్పుండ్రి, అట్లనే సంఘంల దుకాణం ఉన్నోళ్ల కాంటా గురించి కూడ మాట్లాడాలె, ఆమోసు 8ల దేవునికి కోపం వచ్చింది దొంగ త్రాసు మీదనే.

ఇగ ఎవరికి చెయ్యాలె అంటే మన విశ్వాసులకే అని గీత గియ్యొద్దు. మందిరానికి వస్తవా అని అడిగి ఫారం నింపితే అది న్యాయం గాదు. పక్కింటి ముస్లిం అవ్వ పింఛన్ కాగితం కూడ మన అక్కలే నింపిండ్రు, ఆమె ఎన్నడూ మందిరానికి రాలే, మేము అడగలే.

మొదలు వెట్టేటోళ్లు వచ్చే ఆదివారం ఆరాధన అయినంక ఒక పావుగంట కూసొని, ఎవరి పింఛన్ ఆగింది, ఎవరి కూలి రావాలె, ఎవరి సర్టిఫికెట్ లేదు అని అడిగి ఒక నోటుబుక్కుల రాయుండ్రి, పేరు, తేదీ, తోడు ఎవరు పోతరు. అందరి ముంగట చెప్పలేనోళ్లకు ఆ ఇద్దరు అక్కల ఫోన్ నంబర్ ఇయ్యుండ్రి. మా నోటుబుక్కుల మొదటి పేరు మందిరం ఊడ్చే అక్కదే.